రంగు ముదరడానికి ఒక రాత్రి

మన పల్లెల్లో ఇప్పుడు కేకు లేని శుభకార్యం లేదు. మా చిన్నతనంలో క్రిస్మస్ అంటే అరిసెలు, పోకుండలు, జంతికలు. ఏలూరు నుండో గుడివాడ నుండో చుట్టాలెవరైనా కేకు తెస్తే ఇంటిల్లిపాదీ తలా ఒక ముక్క పంచుకొనేవాళ్ళం. ఇప్పుడు ప్రధానానికి కేకు, పెండ్లికి కేకు, బిడ్డ మొదటి పుట్టినరోజుకు కేకు. డిసెంబరు నెల వచ్చిందంటే ప్రతి సంఘంలోను సెమీ క్రిస్మస్ కేకు. ముప్పై ఒకటో తారీఖు రాత్రి ఆరాధన ముగిశాక ఇంకొక కేకు. పదిమంది చేరి ఒక తీపిని పంచుకోవడం సంతోషమే.

అయితే కేకుతో పాటు రంగులు కూడా వచ్చాయి. ఆడపిల్ల తల్లి మా ఇంటికి వచ్చి ఫోనులో బొమ్మ చూపిస్తుంది. "మా అమ్మాయి రిసెప్షన్ చీర రంగులో ఉండాలండి" అంటుంది. మెరూన్ అంటారు, నెమలికంఠం అంటారు, వంగపండు రంగు అంటారు, చిలకపచ్చ అంటారు. చీరల కొట్లో ఎన్ని రంగులున్నాయో అన్నీ కేకు మీదికి రావాలి. అవి కూడా లేతగా ఉంటే ఒప్పుకోరు, నిగనిగలాడుతూ ముదురుగా ఉండాలి. ఇంతకూ చీర కట్టుకొనేది, కేకు తినేది. ఆ తేడాను గుర్తుంచుకొంటూనే అందమైన ముదురు రంగు ఎలా తేవచ్చునో, ఎక్కడ ఆగాలో మా ఇంట్లో నేర్చుకొన్న సంగతులు ఈ నెల మీతో పంచుకొంటాను. ఇళ్ళలో కేకులు చేసే చెల్లెళ్ళకు, వాటిని కొని పిల్లలకు పెట్టే తల్లులకు ఇవి ఉపయోగపడవచ్చు.

మాది కొల్లేటికోట ప్రాంతం. కృష్ణా జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలోకి వచ్చిన కైకలూరు మండలం. చుట్టూ కొల్లేరు. 2006లో ప్రభుత్వం అయిదవ కాంటూరు లోపల ఉన్న చేపల చెరువుల గట్లు కొట్టివేయించిన తరువాత మా ఇంట్లో చెరువు మీది ఆదాయం పోయింది. ఆ తరువాత కొన్నేళ్ళకు మా ఇంటికి వచ్చిన కోడలు ఏలూరులో కేకుల పని నేర్చుకొని ఉన్నది. డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకొని ఒక ఓవెన్, ఒక బీటరు కొన్నాము. పిండి కలపడం, ఓవెన్ చూసుకోవడం నా వంతు, పైన అలంకరణ అంతా ఆమె వంతు. నెలనెలా కట్టవలసిన వాయిదా ఈ కేకుల మీదనే తీరుతుంది. కాబట్టి ఒక పెండ్లి కేకు చెడిందంటే ఆ నెల వాయిదా ఆగిందన్నమాటే. పల్లెటూరు గనుక, ఆ మాట పది ఊళ్ళు తిరుగుతుంది కూడా.

ముందుగా ఫాండెంట్ అంటే ఏమిటో చెబుతాను. చక్కెర పొడితో చేసిన మెత్తని ముద్ద అది. చపాతీలాగా వత్తి, కేకు మీద దుప్పటి కప్పినట్లు కప్పుతారు. కిలో ఐసింగ్ చక్కెరకు ఒక పెద్ద చెంచా జెలటిన్, 60 మిల్లీలీటర్ల నీళ్ళు, 120 గ్రాముల లిక్విడ్ గ్లూకోజు, ఒక పెద్ద చెంచా గ్లిజరిన్, రెండు పెద్ద చెంచాల వనస్పతి మేము వాడే కొలత. జెలటిన్‌ను చల్లని నీళ్ళలో నానబెట్టి, వేడి నీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, గ్లూకోజు, గ్లిజరిన్, వనస్పతి కలపాలి. జల్లించిన చక్కెరలో దానిని పోసి, చపాతీ పిండిలాగా బాగా పిసకాలి. గాలి తగలకుండా ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, మూత బిగువుగా ఉండే డబ్బాలో ఉంచాలి. జెలటిన్ పశువుల నుండి తీసేది గనుక శాకాహారులైన అతిథులు ఉంటే ముందే చెప్పడం మర్యాద.

ఈ ముద్దకు లేత రంగు తేవడం ఎవరికైనా వస్తుంది. ముదురు రంగు దగ్గరే చిక్కు. చాలామంది రంగు ముదరలేదని ఇంకా వేస్తారు, ఇంకా వేస్తారు. ముద్ద జావ అవుతుంది, చేదెక్కుతుంది, తిన్నవాళ్ళ నోరంతా రంగవుతుంది. ఆ తరువాత కూడా ఎరుపు గులాబీ రంగులోనే నిలిచిపోతుంది. దీనికి కారణాలు నాలుగు ఉన్నాయి.

మొదటిది, రంగు రకం. చిన్న సీసాల్లో వచ్చే నీళ్ళ రంగు ఫాండెంటుకు పనికిరాదు. ఆ నీటికి చక్కెర కరిగి ముద్ద చేతికి అంటుకొంటుంది. చిక్కగా జిగురుగా ఉండే జెల్ రంగు వాడాలి. పండ్లు కుట్టుకొనే పుల్ల మొనతో కొంచెం తీసి ముద్దలో గుచ్చి, చారలు మాయమయ్యే వరకు పిసకాలి. చాలకపోతే కొత్త పుల్లతో మళ్ళీ తీసుకోవాలి. చేతులకు తొడుగులు వేసుకొని, అరచేతికి కొంచెం వనస్పతి రాసుకొంటే ముద్ద అంటుకోదు. అప్పటికీ మెత్తబడితే అరకిలో ముద్దకు ఒక చిన్న చెంచా సి.ఎం.సి. పొడి కలిపితే బిగుస్తుంది.

రెండవది, ఎటువంటి ముద్దతో మొదలుపెడుతున్నాము అన్నది. బజారులో దొరికే కొన్ని ఫాండెంట్లలో మల్లెపూవులాంటి తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి కలుపుతారు. అందులో ఏ రంగు వేసినా పాలలో వేసినట్లు లేతబడిపోతుంది. ఐరోపా దేశాల కూటమి 2022లో దీనిని ఆహారంలో వాడకూడదని నిషేధించింది. ఇంట్లో చేసిన ముద్ద కొంచెం మీగడ రంగులో ఉంటుంది. దానికి రంగు తొందరగా పడుతుంది.

మూడవది, అడుగు రంగు. ముదురు రంగును తెల్ల ముద్ద మీద కట్టకూడదు. మెరూన్ కావాలంటే అరకిలో ముద్దలో ముందుగా రెండు మూడు పెద్ద చెంచాల కోకో పొడి పిసికి, గోధుమ రంగు రానిచ్చి, ఆ మీద ఎరుపు వేయాలి. కోకో ముద్దను కొంచెం ఎండబెడుతుంది, కాబట్టి అర చెంచా వనస్పతి అదనంగా పడుతుంది. నలుపు కావలసివచ్చినా దారి ఇదే. కోకోతో బాగా ముదురు చేసుకొని ఆ మీద కొంచెం నలుపు వేస్తే, తెల్ల ముద్దకు పట్టే రంగులో చాలా తక్కువతో పని జరుగుతుంది. ముదురు నీలానికి నీలం వేశాక పిసరంత నలుపు, నెమలికంఠానికి నీలంలో కొంచెం ఆకుపచ్చ, వంగపండుకు ఊదాలో కొంచెం కోకో కలపాలి. కోకో తిండి పదార్థం గనుక అది ఎంత పని చేసిపెడితే సీసా రంగు అంత తగ్గుతుంది.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఆగడం. పిసికిన వెంటనే కనిపించే రంగు అసలు రంగు కాదు. రంగు నెమ్మదిగా ముద్దలోని తడిలో కరిగి అంతటా పరుచుకొంటుంది. ఎరుపు, నలుపు, ముదురు నీలం అయితే ఒక రాత్రి గడిచేసరికి రెండు మెట్లు ముదురుతాయి. అందుకని మనకు కావలసిన రంగుకు ఒక మెట్టు తక్కువ ఉండగానే చెయ్యి ఆపి, గట్టిగా చుట్టి, చీకటిగా ఉన్నచోట డబ్బాలో పెట్టాలి. మరునాడు చూసుకొని చాలకపోతేనే ఇంకొక పుల్ల మొన రంగు వేయాలి. సాయంత్రం కేకు కావాలని ఉదయం చెప్పేవాళ్ళకు ముదురు రంగు చేసివ్వలేమని మా కోడలు నిక్కచ్చిగా చెప్పేస్తుంది.

ఇక హద్దు సంగతి. మన దేశంలో ఆహారంలో వాడడానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిది. ఎరుపులో పాన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్. పసుపులో టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో. నీలంలో ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ. ఆకుపచ్చలో ఫాస్ట్ గ్రీన్. ఈ జాబితాలో నలుపు లేనే లేదు. వీటిని కలిపే నలుపు చేస్తారు. ఇటువంటి మిఠాయిలలో, కేకుల అలంకరణలో కిలోకు 100 మిల్లీగ్రాములకు మించి రంగు ఉండకూడదని నియమం. అంటే గ్రాములో పదవ వంతు. మనం కూరలో వేసే చిటికెడు ఉప్పు కూడా అంతకంటె ఎక్కువే తూగుతుంది. జెల్ సీసాలో ఉండేదంతా రంగు కాదు, గ్లూకోజు, గ్లిజరిన్ వంటివి చాలా ఉంటాయి. అయినప్పటికి, రెండు కిలోల కేకును నిలువునా కప్పే ముద్ద మొత్తాన్ని పట్టుచీరంత ఎర్రగా చేసి ఆ హద్దులో నిలవడం బహు కష్టం.

ఈ నియమాలు ఊరికే పెట్టలేదు. 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వారు కొన్ని కృత్రిమ రంగులను, సోడియం బెంజోయేటును కలిపి పిల్లలకు ఇచ్చి చూస్తే, వారిలో కొందరికి నిలకడ తగ్గి అల్లరి పెరగడం గమనించారు. 2010 జూలై నుండి ఐరోపాలో అటువంటి ఆరు రంగులున్న తినుబండారాల మీద హెచ్చరిక రాయాలి. ఆ ఆరింటిలో నాలుగు మన జాబితాలో ఉన్నాయి. ఎరిత్రోసిన్ అనే ఎరుపుకు అమెరికా ప్రభుత్వం 2025 జనవరిలో అనుమతి తీసివేసింది. ఇవి అనుమతి ఉన్న రంగుల సంగతులు. అనుమతి లేనివి వేరే ఉన్నాయి. బట్టలకు వేసే రోడమైన్-బి అనే రంగు పీచుమిఠాయిలో కనబడినందున 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలోను, తమిళనాడులోను ఆ మిఠాయిని నిషేధించారు. మన యానాం పుదుచ్చేరిలోనిదే కదా. సంతలో మెరిసిపోయే గులాబీ రంగు పొట్లం చూసినప్పుడల్లా నాకు ఆ వార్త గుర్తుకొస్తుంది.

మరి ముదురు రంగు కావాలనే తల్లులకు ఏమి చెప్పాలి? 2023 మే నెలలో మాకు ఎదురైన ఒక పెండ్లి సంగతి చెబుతాను. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ అనవసరం.

ఆ అమ్మాయి రిసెప్షన్ చీర మెరూన్ పట్టు. మూడు అంతస్తుల కేకు మొత్తం అదే రంగులో కావాలన్నారు. మా కోడలు వారికి ఒక మాట చెప్పింది. "పిన్నిగారూ, మందిరంలో అమ్మాయి కట్టుకొనేది తెల్లచీరే కదా. దానికి మెరూన్ అంచు ఉంటే ఎంత బాగుంటుందో కేకు కూడా అలా చేస్తాను. కేకంతా మీగడ రంగు, ప్రతి అంతస్తుకు అడుగున మూడు వేళ్ళ వెడల్పు మెరూన్ అంచు, పైన అయిదు మెరూన్ గులాబీలు. దూరం నుంచి చూసేవాళ్ళ కన్ను అంచు మీదనే నిలుస్తుంది. కోసేటప్పుడు అంచు ఊడదీసి పక్కన పెట్టి, పిల్లలకు తెల్లది పెట్టవచ్చు." పెండ్లికూతురు సరేనన్నది. తల్లి సగం మనసుతో ఒప్పుకొని రెండు వేల రూపాయలు అడ్వాన్సు ఇచ్చింది.

పెండ్లి ముందురోజు సాయంత్రం ఆమె తన తమ్ముణ్ణి వెంటబెట్టుకొని కేకు ఎంతవరకు వచ్చిందో చూడడానికి వచ్చింది. అంచు కోసం కోకోతో, ఎరుపుతో పిసికిన ముద్ద అప్పుడే కలిపి ఉంది. అది ఇటుక రంగులో ఉంది. ఆమె ముఖం మాడిపోయింది. "ఇదా మెరూన్? మా వియ్యాలవారి ముందు నా పరువు ఏం కావాలి?" అన్నది. ఆ తమ్ముడు బండి మీద వెళ్ళి ఎక్కడినుండో ఒక పొట్లం తెచ్చాడు. దాని మీద పేరు లేదు, తయారైన తేదీ లేదు, ఏ రంగో రాసి లేదు. వేలితో ముట్టుకొంటే సబ్బుతో కడిగినా వదలలేదు. "మిఠాయిలకు అందరూ ఇదే వేస్తారమ్మా, అర చెంచా వేయండి, రక్తంలాగా వస్తుంది" అన్నాడు.

మా కోడలు ఆ పొట్లం మడిచి తిరిగి ఇచ్చేసింది. "బాబాయిగారూ, రేపు ఈ కేకు మొదట తినేది పిల్లలే. మా పిల్లవాడు కూడా అక్కడే ఉంటాడు. పేరులేని పొడి నేను వేయను. పిన్నిగారూ, ఈ రాత్రికి ఆగండి. ఉదయం ఆరు గంటలకు వచ్చి చూడండి. మీకు నచ్చకపోతే మీ అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తాను, కేకు కూడా మీరే తీసుకువెళ్ళండి" అన్నది. వాళ్ళు కోపంగానే వెళ్ళారు. అడ్వాన్సు తిరిగి ఇస్తే ఆ నెల వాయిదాకు చేతిలో ఏమీ ఉండదని మా ఇద్దరికీ తెలుసు. ఆమె ముద్దను చుట్టి డబ్బాలో పెట్టి, పడుకొని నిద్రపోయింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. రెండుసార్లు లేచి డబ్బా వరకు వెళ్ళాను. మూత తీస్తే గాలి తగులుతుందని తీయకుండానే వచ్చాను.

తెల్లవారుజామున అయిదింటికి కోడలు డబ్బా తెరిచింది. ఇటుక రంగు పోయి, పండిన రేగుపండు ఎరుపు వచ్చింది. దానిని పల్చగా వత్తి అంచు కోసింది. ముందు వారమే చేసి ఆరబెట్టిన గులాబీలు లేత ఎరుపులో ఉన్నాయి. వాటి రేకుల అంచులకు పొడి ఎరుపులో కోకో కలిపి మెత్తని కుంచెతో అద్దింది. ఆ తరువాత ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరిగించి, ఒక్కొక్క పువ్వును ఆవిరి మీద రెండు మూడు సెకండ్లు పట్టుకొన్నది. పొడి తడిసి పువ్వుకు అతుక్కొని, చూస్తుండగానే రంగు చిక్కబడింది. ముద్ద మొత్తంలో కలపడానికి పట్టే రంగులో కొద్దిపాటి భాగం పైన అద్దితే చాలు, కంటికి అంతే ముదురుగా కనిపిస్తుంది. ఈ కిటుకు ఇళ్ళలో చేసేవాళ్ళందరూ నేర్చుకోవలసినది.

ఆరింటికి పెండ్లికూతురు తల్లి వచ్చింది. చీర అంచు ముక్క ఒకటి తెచ్చుకొని కేకు పక్కన పెట్టి చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. చివరకు, "రాత్రే ఇలా ఉంటే నేను ఇంత నిద్ర పోయేదాన్ని కదమ్మా" అన్నది. మేము ముగ్గురం నవ్వుకొన్నాము. ఆ మధ్యాహ్నం విందులో పిల్లలు మీగడ రంగు ముక్కలు తిన్నారు. మెరూన్ గులాబీలు ఆ అమ్మాయి అద్దాల పెట్టెలో దాచుకొన్నది.

ఆగితే రంగు ముదురుతుందన్న సంగతి మన ప్రాంతానికి కొత్తది కాదు. మచిలీపట్నం కలంకారీ బట్టలు లోకమంతా పేరు పొందినవి. ఇప్పుడు ఆ పని ఎక్కువగా పెడనలో జరుగుతున్నది. పాత పద్ధతిలో బట్టను ముందుగా కరక్కాయ రసం కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెట్టేవారు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు అద్దేవారు. అప్పటికి ఎరుపు కనబడదు. తరువాత చిరివేరు వేసి కాచిన నీటిలో ఉడికిస్తే, పటిక పడినచోట ఎరుపు పట్టేది. నలుపు కోసం ఇనుప తుక్కును బెల్లపు నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టేవారు. ఏ రంగూ ఒక్క పూటలో రాలేదు. అందుకే ఆ బట్టలు నూరేళ్ళు నిలిచాయి.

బైబిలు చదివేవారికి లూదియ జ్ఞాపకం వస్తుంది. తుయతైర పట్టణానికి చెందిన ఆ స్త్రీ ఊదారంగు వ్యాపారం చేసుకొని బ్రతికింది, తన ఇంటిని పదిమందికి తెరిచింది. ఆ కాలంలో రాజులు ధరించే మేలైన ఊదారంగును సముద్రపు నత్తల నుండి తీసేవారు. నత్తలో ఉన్నప్పుడు ఆ ద్రవానికి చెప్పుకోదగిన రంగు ఉండదు. గాలి, వెలుతురు తగిలిన కొద్దీ పసుపు, ఆకుపచ్చ దాటి ఊదా అవుతుంది. రంగులు అమ్ముకొని ఇల్లు నడుపుకొనే స్త్రీలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారని తలచుకొంటే మాలాంటివారికి కొంత ధైర్యం.

మన పెరటి రంగుల మాటేమిటని కొందరు అడుగుతారు. పసుపు, బీట్‌రూట్, శంఖుపువ్వు, బచ్చలిపండు అన్నీ రంగునిచ్చేవే. చిన్నప్పుడు బచ్చలిపండ్లు నలిపి పలకల మీద రాసుకోనివారు ఎవరు? అయితే వీటి రసం నేరుగా పోస్తే నీళ్ళ రంగులాగానే ముద్ద జావ అవుతుంది. బీట్‌రూట్ ముక్కలను, శంఖుపూలను నీడన ఆరబెట్టి, మెత్తగా పొడిచేసి, పల్చని బట్టలో జల్లించి వాడాలి. బీట్‌రూట్ గులాబీ రంగు ఇస్తుంది, శంఖుపువ్వు నీలం ఇస్తుంది, దానికి నిమ్మరసం తగిలితే ఊదా అవుతుంది. ఇవి పట్టుచీర రంగులకు అందవు. బిడ్డ మొదటి పుట్టినరోజు కేకుకు మాత్రం వీటిని మించినవి లేవు.

తెచ్చిన రంగును కాపాడుకోవడం ఇంకొక పని. మా కొల్లేటి గాలిలో ఎప్పుడూ తడి ఉంటుంది. ఫాండెంట్ వేసిన కేకును ఫ్రిజ్‌లో నుండి తీయగానే దాని మీద చెమట పడుతుంది, ముదురు రంగు కారి తెల్లదానికి అంటుకొంటుంది. వీలైనంతవరకు ఫ్రిజ్‌లో పెట్టకుండా చల్లని గదిలో ఉంచాలి. తప్పనిసరి అయితే అట్టపెట్టెలో మూసి పెట్టి, బయటికి తీశాక గంటా రెండు గంటలు పెట్టె తెరవకూడదు. చెమట పట్టితే చేత్తో తుడవకుండా ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. ముదురు అంచులు, పూలు వేరుగా ఆరబెట్టి చివరలో అమర్చాలి. వానాకాలంలో ఆటోలో తీసుకువెళ్ళేటప్పుడు మేము పూలను వేరే డబ్బాలో తీసుకువెళ్ళి అక్కడే పెడతాము. ఎండ కూడా శత్రువే. ఎరిత్రోసిన్ ఎరుపు, ఇండిగో కార్మైన్ నీలం వెలుతురుకు తొందరగా వెలిసిపోతాయి. ఎరుపు వెలిసిపోతే ఊదారంగు పువ్వు నీలంగా మారుతుంది. పందిరి కింద ఎండపడే చోట కేకు బల్ల వేయవద్దని పెండ్లివారికి ముందే చెప్పాలి.

కొనేవారికి ఒక మనవి. కేకు చెప్పేటప్పుడు కనీసం మూడు రోజులు ముందుగా చెప్పండి. ముదురు రంగు కావాలంటే కేకంతా అడగవద్దు, అంచుకో పువ్వుకో పేరుకో అడగండి. ఏ రంగు వాడుతున్నారో సీసా చూపించమని అడగడానికి మొహమాటపడవద్దు. దాని మీద తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, గడువు తేదీ, రంగు పేరు ఉండాలి. నిజాయితీగా చేసేవారు అడిగినందుకు సంతోషిస్తారు. ఒక కేకు మిగతావాటికంటె లేతగా ఉందని చేసినవారిని తక్కువ చేసి మాట్లాడవద్దు. ఒకవేళ మీ పిల్లల కోసమే ఆమె చెయ్యి ఆపి ఉండవచ్చు.

చేసే చెల్లెళ్ళకు కూడా ఒక మనవి. ముందురోజు సాయంత్రం ఎవరెంత తొందరపెట్టినా డబ్బా మూత తీయకండి, సీసా మళ్ళీ ముట్టుకోకండి. వచ్చే డిసెంబరులో మీ సంఘంలో కేకు కోసేటప్పుడు ముందు వరుసలో చేతులు చాచుకొని నిలబడేది పిల్లలే. మొదటి ముక్కలు తెల్లభాగం నుండి కోసి వారికి పెట్టండి. ముదురు పువ్వులు బల్ల మీదనే అందంగా ఉండనివ్వండి.